గ్యారేజీలో ఆగిపోయిన సైడర్

చెవి ఆనించి వినండి. ఏమీ వినపడదు.

మొన్నటిదాకా ఈ గాజు కార్బాయ్ మూతికి బిగించిన ఎయిర్‌లాక్ బుడుగ్ బుడుగ్‌మంటూ ఒకటే సందడి. గ్యారేజీ తలుపు తీస్తూనే వినపడేది. ఇప్పుడా వంపు గొట్టంలో నీళ్లు రెండు పక్కలా ఒకే మట్టంలో నిలిచిపోయాయి. లోపల 23 లీటర్ల ఆపిల్ రసం. ఇంకా తేటపడలేదు. అడుగున వేలెడు మందాన మడ్డి.

నవంబరు ఆఖరి వారం. ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్‌షైర్. మీరు ఆసుపత్రి డ్యూటీకి వెళ్లే దారికి రెండు పక్కలా ఆపిల్ తోటలే. హెరిఫర్డ్‌లో బల్మర్స్ వాళ్లు 1887లో, మచ్ మార్కిల్‌లో వెస్టన్స్ వాళ్లు 1880లో సైడర్ తీయడం మొదలుపెట్టిన నేల ఇది. అక్టోబరు వచ్చిందంటే పొరుగింటి పెద్దాయన పిలిచి ఖాళీ గోతాలు చేతికిస్తాడు, రాలినవి ఏరుకోమని. పాత తోట. ఎత్తయిన చెట్లు. ఎరువు మొహం చూసి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. ఆ మాట మీరు మనసులో ఉంచుకోండి, అవసరం పడుతుంది.

కాయలు మీరే ఏరారు. మీరే కడిగి, నలగ్గొట్టి, గుడ్డల్లో పొరలు పొరలుగా పేర్చి పిండారు. అడవి సూక్ష్మజీవులు అణగడానికి గ్యాలనుకొక కాంప్డెన్ బిళ్ల వేసి, ఒక రోజు ఆగి, ఈస్ట్ పొట్లం చల్లారు. ఆ రోజు హైడ్రోమీటర్ 1.054 చూపించింది. కార్బాయ్ మెడకు అంటించిన టేపు మీద ఆ అంకె మీ చేతిరాతలోనే ఉంది.

బయట కారు తలుపు పడిన చప్పుడు. కార్డిఫ్‌లో చదువుకుంటున్న తమ్ముడు వచ్చాడు. రెండు చేతుల్లోనూ రెండు పెట్టెలు. వాటినిండా బిగింపు మూతల సీసాలు.

"అక్కా, బుడగలు ఆగిపోయాయి చూడు. అయిపోయినట్టే కదా? ఇవాళే నింపేద్దాం. క్రిస్మస్‌కి మా రూమ్మేట్లకి పట్టుకెళ్తా."

సీసాలు కడిగి తెచ్చాడు. సైఫన్ గొట్టం కూడా వెతికి తీశాడు. గంటలో పని అయిపోతుంది. మీకూ ఆశగానే ఉంది.

"ఉండరా," అనండి.

ముందు బిరడా. బొటనవేలితో అంచు చుట్టూ నొక్కుతూ రండి. సన్నని సందు ఉన్నా గ్యాస్ అటునుంచే జారుకుంటుంది, ఎయిర్‌లాక్ మూగబోతుంది, లోపల పులవడం మాత్రం నిక్షేపంగా సాగిపోతుంటుంది. గట్టిగా నొక్కి వదలండి. వంపు గొట్టంలో నీళ్లు ఒక పక్కకు లేచి అక్కడే నిలబడ్డాయి. అంటే బిగువుగానే ఉంది. తప్పు బిరడాది కాదు.

ఇప్పుడు లోపలి సంగతి. బుడగ ఆ సంగతి చెప్పదు. హైడ్రోమీటర్ చెబుతుంది.

పొడవాటి పిప్పెట్‌ను శానిటైజర్‌లో ముంచి, నీళ్లు దులిపి, నూరు మిల్లీలీటర్లు పైకి తీయండి. గొట్టంలో పోస్తే చురచురమని నురగ. వెంటనే హైడ్రోమీటర్ వదలకండి. ఆ బుడగలు దాని ఒంటికి అంటుకుని పైకి లేపుతాయి, లేని చక్కెర ఉన్నట్టు చూపిస్తుంది. వంటింట్లోకి తీసుకురండి. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తి ఎత్తి పోసి గ్యాస్ పోగొట్టండి. అరచేతులతో పట్టుకుని కాసేపు ఉంచండి. హైడ్రోమీటర్ కాగితం మీద 20 డిగ్రీలు అని రాసి ఉంది. గ్యారేజీ చలిలో చూస్తే అంకె రెండు పాయింట్ల దాకా ఎక్కువ చూపిస్తుంది.

తమ్ముడు సొరుగులోంచి రిఫ్రాక్టోమీటర్ తీశాడు. "దీంతో ఒక్క చుక్క చాలు కదక్కా?"

రసం పిండిన రోజున చాలు. ఇప్పుడు అందులో ఆల్కహాల్ ఉంది. ఆల్కహాల్ వెలుగును వేరేగా వంచుతుంది కాబట్టి ఆ పరికరం ఎక్కువ చక్కెర చూపిస్తుంది. పూర్తిగా పులిసిన సైడర్‌ని చూసి ఆగిపోయిందని బెంగపడేవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది అదే. దాన్ని సొరుగులో పెట్టించండి.

హైడ్రోమీటర్‌ని నెమ్మదిగా వదిలి, వేళ్లతో ఒక్కసారి గిర్రున తిప్పండి. ఆగనివ్వండి. కంటిని ద్రవం మట్టానికి దించండి. అంచుల దగ్గర పైకి పాకిన గీత కాదు, మధ్యలోని మట్టం చూడాలి.

1.022.

పూర్తిగా పులిసి ఉంటే ఇది 1.000 దగ్గరో, ఇంకా కిందో ఉండాలి. ఒక బొట్టు నాలుక మీద వేసుకోండి. తియ్యగా ఉంది. వెనకాల పులుపు. మొదటి అంకెలోంచి ఈ అంకె తీసేసి 131తో గుణిస్తే ఆల్కహాల్ నాలుగు శాతం పైచిలుకు. సగం దారి దాటింది, గమ్యం చేరలేదు.

"తియ్యగా బాగుందక్కా. ఇలాగే నింపేస్తే పోలా?"

అటు సీసాల పెట్టెలు. ఇటు ఈ అంకె. నిర్ణయం మీది.

సీసాలో ఏం జరుగుతుందో చూడండి. లీటరుకు సుమారు 45 గ్రాముల చక్కెర మిగిలి ఉంది. సీసాలో నురగ రావాలని మామూలుగా వేసే చక్కెర లీటరుకు 6 గ్రాములు. షాంపేన్ చేసేవాళ్లు మందపాటి గాజుసీసాలో, తీగ బిగించి మరీ, 24 గ్రాముల దగ్గర ఆగుతారు. దానికే కారు టైరులో ఉండే గాలికి రెండు రెట్లు మించిన ఒత్తిడి పుడుతుంది. మీ దగ్గర ఉన్నది దానికి దాదాపు రెట్టింపు. మీ సీసాలది పలచటి గాజు.

ఇవాళ ఈస్ట్ కదలడం లేదు. నిజమే. తమ్ముడు సీసాలు కారులో పెడతాడు. కార్డిఫ్‌లో వాళ్ల గది వెచ్చగా ఉంటుంది. రేడియేటర్ పక్కన పెడతాడు. మూడు రోజులు. ఈస్ట్ కళ్లు తెరుస్తుంది. చక్కెర ఉంది. మూత బిగించి ఉంది. గ్యాస్‌కి దారి లేదు. ఒక కుర్రాడు సీసా అందుకుంటాడు. మొహం దగ్గరికి తెస్తాడు. మూత మీద వేలు పెడతాడు.

సీసాల పెట్టెలు తిరిగి కారులో పెట్టించండి. ఎదుటే ఉంటే చెయ్యి ఊరుకోదు.

ఈ ఒక్క విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. ఆగిపోయిన సైడర్‌ని ఎన్ని రకాలుగా పాడుచేసినా పోయేది రసమే. సీసాలో బిగిస్తే పోయేది కన్ను.

అయితే ఇది ఆగిందా, మెల్లగా నడుస్తోందా? ఒక్క అంకెతో తేలదు. టేపు మీద తేదీ వేసి 1.022 అని రాయండి. మూడు రోజులు ముట్టుకోకండి.

మూడు రోజులయ్యాయి. మళ్లీ అదే పని, అదే ఓపిక. 1.022. ఒక్క గీత కదల్లేదు. ఇక సందేహం లేదు, ఆగింది.

ఎందుకు? చాపమీద కూర్చుని ఒక్కొక్కటే కొట్టేస్తూ రండి. కాంప్డెన్ బిళ్లలు ఎక్కువయ్యాయా? అలాగైతే అసలు మొదలయ్యేదే కాదు. మొదటి వారం ఉరకలేసింది. కొన్న రసంలో కలిపే సోర్బేట్, బెంజోయేట్ లాంటి మందులా? ఇది తోటలో ఏరిన కాయల రసం. ఆల్కహాల్‌కి తట్టుకోలేకపోయిందా? మీరు వేసిన ఈసీ-1118 రకం 18 శాతం దాకా తట్టుకుంటుంది. పులుపా? పీహెచ్ కాగితం ముంచితే 3.6 రంగు తేలింది, ఈస్ట్‌కి అది హాయైన చోటు.

ఇక కార్బాయ్ నడుముకు అంటించిన ఉష్ణోగ్రత పట్టీ చూడండి. పచ్చగా వెలుగుతున్న అంకె 8.

ఆ ఈస్ట్ పొట్లం మీద పది నుంచి ముప్పై డిగ్రీలని ఉంటుంది. అక్టోబరులో గ్యారేజీ వెచ్చగానే ఉంది. తర్వాత రాత్రుళ్లు మంచు పట్టింది. కాంక్రీటు గచ్చు చలిని కిందినుంచి లాగింది. ఈస్ట్ పని ఆపి ముడుచుకుని అడుగుకు దిగిపోయింది. ఆ మడ్డిలో ఉన్నది అదే, చచ్చిపోలేదు. ఈ దేశం వచ్చిన మొదటి చలికాలంలో ఇడ్లీ పిండి పొంగక, ఒవెన్‌లో దీపం ఒక్కటీ వేసి అందులో గిన్నె పెట్టడం మీరు నేర్చుకోలేదూ? ఇక్కడా మొదటి మందు అదే వెచ్చదనం.

వంటింట్లోకి మార్చాలి. ఆగండి. 23 లీటర్లు, పైన గాజు బరువు. ముప్పై కిలోలు దాటుతుంది.

మెడ పట్టుకుని ఎత్తకండి. తడి గాజు. పగిలితే కత్తి. ప్లాస్టిక్ పాల క్రేట్ తెండి. కార్బాయ్‌ని వంచి క్రేట్‌లోకి దింపండి. తమ్ముడొక పక్క, మీరొక పక్క. మోకాళ్లు వంచండి. మెట్టు ఉంది. "మెల్లగా రా." ఒక్క అడుగు. ఇంకొకటి. రసం ఊగింది, బరువు అటు లాగింది. ఆగండి. ఊగడం తగ్గనివ్వండి. ఇప్పుడు. దించండి.

బాయిలర్ ఉన్న గోడకు ఆనించి, పాత దుప్పటి చుట్టండి. పొయ్యి పక్కన పెట్టి ఒక్కసారిగా కాచకండి. రెండు రోజులు తీసుకుని 18కి చేరితే చాలు. తర్వాత కార్బాయ్‌ని నేలమీదే ఉంచి అడుగున మెల్లగా గుండ్రంగా తిప్పండి, మడ్డి లేచి రసంలో కలిసేంత. మూత తీసి గరిటెతో కలపకండి. ఈ దశలో గాలి చొరబడితే రసం గోధుమరంగుకు తిరుగుతుంది. వెనిగర్ చేసే బాక్టీరియాకు కావలసిందీ ఆ గాలే.

రెండో రోజు సాయంత్రం, బుడుగ్.

తమ్ముడు ఫోనులో కేక పెట్టాడు. మీకూ గుండె తేలికైంది. రాత్రికల్లా నిమిషానికి నాలుగైదు బుడగలు. నమ్మకండి. చల్లటి రసంలో గ్యాస్ ఎక్కువ కరిగి ఉంటుంది. వేడెక్కిన కొద్దీ అది బయటికొస్తుంది. ఈస్ట్ కాలు కదపకపోయినా ఈ సందడంతా వస్తుంది. సోడా సీసా వెచ్చబడితే వచ్చే బుడగలే ఇవీ. మూడు రోజులాగి హైడ్రోమీటర్ వేస్తే 1.020. రెండు గీతలు దిగింది. ఆ తర్వాత మూడు రోజులకూ 1.020. మళ్లీ నిద్ర.

బిరడా కాస్త సడలించి ముక్కు దగ్గర పెట్టండి. ఆపిల్ వాసన వెనక సన్నగా కుళ్లిన కోడిగుడ్డు కంపు. మొహం చిట్లించకండి, ఆ కంపు మీకు మేలే చేసింది. పెద్దాయన మాట గుర్తుందా? ఎరువు మొహం చూడని చెట్లు.

ఈస్ట్‌కి చక్కెర ఒక్కటే చాలదు, ఒళ్లు కట్టుకోవడానికి నత్రజని కావాలి. ద్రాక్షరసంతో పోలిస్తే ఆపిల్ రసంలో అది మామూలుగానే తక్కువ. ఎరువు వేయని ముసలి చెట్ల కాయల్లో ఇంకా తక్కువ. ఉన్నది మొదటి వారంలోనే తినేసింది. నత్రజనికి కటకట పడినప్పుడు అది వదిలే వాయువుదే ఆ గుడ్డు కంపు. పైగా మీరు వేసిన కాంప్డెన్‌లోని సల్ఫైట్ రసంలోని బీ1 విటమిన్‌ని చెరుపుతుంది. ఆకలికి ఆకలి, పైన నీరసం.

ఇదే ఆకలిని ఫ్రాన్స్‌లో నార్మండీ, బ్రిటనీ రైతులు కోరి తెచ్చుకుంటారని తెలిస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. రసంలోని పెక్టిన్‌ని జెల్లీలా గడ్డకట్టించి పైకి తేలనిస్తారు. ఆ గోధుమరంగు మీగడను వాళ్లు షాపో బ్రన్ అంటారు. ఈస్ట్ తినే పోషకాల్లో చాలాభాగం దానితో పోతుంది. కింది తేట రసం ఆకలితో నెలల తరబడి మెల్లగా పులుస్తుంది, చక్కెర మిగులుతుంది, సహజమైన తీపి సైడర్ వస్తుంది. అక్కడ ఆగడమే విద్య. కానీ వాళ్లది మొదటిరోజు నుంచీ లెక్కపెట్టి చేసిన ఆకలి, బలమైన సీసాల్లో నింపే రసం. మీది చలికి పడుకున్న ఈస్ట్. ఎప్పుడు లేస్తుందో మీకు తెలియదు. రెంటినీ ఒకటనుకోకండి.

కాబట్టి మేత వేయాలి. బీ1తో కలిపి అమ్మే ఈస్ట్ న్యూట్రియెంట్ పొడి మీ దగ్గర ఉంది. పొట్లం మీద చెప్పిన మోతాదులో సగం తీయండి. మిగిలిపోతే అది వేరే సూక్ష్మజీవులకు విందు అవుతుంది.

శనివారం. తమ్ముడు మళ్లీ వచ్చాడు. చెంచా వాడి చేతిలో ఉంది. మీరు గరాటు కోసం వెనక్కి తిరిగారు.

"వేసేస్తున్నా అక్కా."

"ఒరేయ్, వద్దు!"

పడింది. పొడి పొడిగానే పడింది. కరిగి ఉన్న గ్యాస్‌కి ప్రతి రేణువూ ఒక మెట్టు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత బుస్సుమని. నురగ మెడలోకి వచ్చింది. మూతి దాటింది. గచ్చు మీదికి. తమ్ముడు అరచేత్తో మూయబోయాడు. చెయ్యి పట్టి లాగండి. మూయకూడదు! లోపల ఒత్తిడి. బయట గాజు. పోనివ్వండి. తువాలు తెండి. కింద వేయండి. కార్బాయ్ కదిలించకండి. కాలు జారుతుంది, చూసుకోండి. పోనివ్వండి.

తగ్గింది.

లీటరు పోయింది. కిటికీ తీసి, మూతి తుడిచి, శానిటైజర్ పట్టించి ఎయిర్‌లాక్ పెట్టండి. వాణ్ని తిట్టకండి, వాడి మొహం ఇప్పటికే వాడిపోయింది. పొడిని ముందే కాసిని గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, రసం తిప్పి గ్యాస్ వదిలించాక, దారంగా పోయాలని ఇక వాడికి జన్మలో ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండు రోజులు చూడండి. గుడ్డు కంపు తగ్గింది, అంకె మాత్రం 1.020 దగ్గరే. పాత ఈస్ట్ అలసిపోయింది. కొత్తది దింపాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు, ఇంకో పొట్లం చించి పైన చల్లేస్తారు. పొడి ఈస్ట్‌కి నీళ్లు తాకిన మొదటి నిమిషాల్లో తన ఒంటి పొర తాను కట్టుకోవాలి. అప్పుడే నాలుగు శాతం ఆల్కహాల్, పులుపు, చక్కెర మీద పడితే చాలా కణాలు అక్కడే చస్తాయి. దానికి ఇక్కడి నీళ్లు అలవాటు చేయాలి.

చిన్న గిన్నెలో 50 మిల్లీలీటర్ల నీళ్లు. థర్మామీటర్ 40 చూపిస్తోంది. మణికట్టు మీద బొట్టు వేసుకుంటే కాలదు, వెచ్చగా తెలుస్తుంది. 5 గ్రాముల పొట్లం పైన చల్లి, ముట్టుకోకుండా 20 నిమిషాలు. పలుకులు ఉబ్బి, ముద్దై, మీగడ రంగు నురగ కట్టి, బ్రెడ్డు వాసన వస్తుంది. ఇప్పుడు మందులు కలపని ఆపిల్ రసం, గది వేడిలోనిది, కొద్దికొద్దిగా అంతే కొలత. ఒక గంట. పైన నురగ వలయం కట్టింది. ఇప్పుడు ఆగిపోయిన సైడర్‌ని గిన్నెలో ఉన్నంత పోయండి. తిరిగి నురగ కట్టేదాకా ఆగండి. మళ్లీ ఉన్నంత. మళ్లీ ఆగండి. ఒక్కసారిగా పది డిగ్రీల తేడా తగలకుండా చూసుకుంటూ రెట్టింపు చేసుకుంటూ పోతే రాత్రికి రెండు లీటర్ల సీసాడు, దూది పెట్టిన మూతి కింద సరసరమని కదులుతూ ఉంటుంది. నన్నడిగితే ఈ మొత్తం పనిలో అందమైన గంటలు ఇవే. ప్రాణం ఉన్నదాన్ని బతిమాలుతున్నారు మీరు, యంత్రాన్ని బాగుచేయడం లేదు.

పొద్దున్నకి అది చురుగ్గా ఉంటేనే కార్బాయ్‌లో పోయండి. చల్లబడి ఉంటే పోయకండి, రెండు ఈస్టులూ పోతాయి. చురుగ్గానే ఉంది. గరాటు మూతికి ఆనించి, గోడ వెంట, చప్పుడు లేకుండా.

నాలుగో రోజు 1.017. వారానికి 1.011. పరుగు లేదు, నడకే. ఆపిల్‌లో గ్లూకోజు కంటే ఫ్రక్టోజు చాలా ఎక్కువ. ఈస్ట్ ముందు గ్లూకోజు తినేసి దాన్ని చివరికి మిగులుస్తుంది. అందుకే ఆఖరి గీతలు ఎప్పుడూ నిదానం. మూత తీసి చూడాలనే దురద ఆపుకోండి. క్రిస్మస్ నాటికి 1.004. తమ్ముడు ఫోను చేసి సీసాల మాట ఎత్తలేదు, అంకె ఎంతని అడిగాడు.

క్రిస్మస్ వెళ్లిపోయింది. జనవరిలో ఒక ఆదివారం 1.000. వారం తర్వాతా 1.000. ఇంకో వారానికీ అంతే. తేటపడింది, కార్బాయ్ వెనక పెట్టిన పేపరు అక్షరాలు చదవగలుగుతున్నారు. నాలుక మీద తీపి లేదు.

సైఫన్ గొట్టం శానిటైజర్‌లో నానుతోంది. లీటరుకు 6 గ్రాముల లెక్కన చక్కెర తూచి, నీళ్లలో మరిగించి చల్లార్చారు. గాజు సీసాలతోపాటు ఒక ఖాళీ ప్లాస్టిక్ సోడా సీసా కూడా వరసలో పెట్టండి. అందులోనూ ఇదే నింపి, గాలి మిగలకుండా నొక్కి మూత బిగించండి. గాజు లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు, ప్లాస్టిక్ వేలికి చెబుతుంది. అది రాయిలా గట్టిపడిన రోజున అన్నీ ఫ్రిజ్‌లోకి వెళ్లాలి.

"మొదటిది ఏది నింపమంటావక్కా?"

"ప్లాస్టిక్‌ది."